వాట్సాప్ వదలాలంటే ముందు ఏ గ్రూపు కదలాలి?

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ పంపి, ఒప్పుకుంటేనే ఖాతా నడుస్తుందని చెప్పింది. దేశమంతటా జనం సిగ్నల్ అనే ఇంకో మెసేజింగ్ యాప్ వైపు ఎగబడ్డారు. ఆ తాకిడికి జనవరి 15న సిగ్నల్ సర్వర్లే మొరాయించాయి. వేసవి వచ్చేసరికి చాలా ఫోన్లలో ఆ నీలం గుర్తు అటకెక్కింది. యాప్ బాగోలేక కాదు. మనుషులు ఒక్కొక్కరుగా వెళ్లారు, గ్రూపులు వెళ్లలేదు. పిన్ని సిగ్నల్‌లో ఉంది, పెళ్లి ముచ్చట్లు వాట్సాప్ గ్రూపులోనే నడుస్తున్నాయి. ఎన్నాళ్లని ఆవిడ రెండు చోట్లా కాపలా కాస్తుంది?

ఒడిశా సరిహద్దులోని తెలుగు ఇళ్లకి ఈ చిక్కు ఇంకాస్త ముదురు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక పర్లాకిమిడి అటూ పాతపట్నం ఇటూ, బరంపురం అటూ ఇచ్ఛాపురం ఇటూ అయ్యాయి. వియ్యాలు మాత్రం ఆ గీతని చూసుకోలేదు. రాయగడలో అన్న, గుణుపురంలో మేనత్త, టెక్కలిలో అక్కాబావ, సూరత్ మగ్గాల దగ్గర తమ్ముడు. వీళ్లందరినీ రోజూ కలిపేది ఒక్క ఫ్యామిలీ గ్రూపు. ఒక మనిషి అందులోంచి తప్పుకుంటే యాప్ మారినట్టు ఉండదు, చుట్టరికం తెంపుకున్నట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. అందుకని ఇక్కడి గ్రూపుల్లో రాతకన్నా వాయిస్ మెసేజీలదే రాజ్యం. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతూ పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఇప్పుడు ఆ వాడుక భాష లిపి అవసరమే లేకుండా ఫోన్లలో తిరుగుతోంది. కొత్తగా ఏ యాప్ తెచ్చినా ముందు చూడాల్సింది ఇదే. వేలితో నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలేస్తే వెళ్లిపోవాలి. సిగ్నల్‌లో అది ఉంది, డెల్టా చాట్ అనే ఇంకో మెసేజింగ్ యాప్‌లోనూ ఉంది. ట్విట్టర్ లాంటి మాస్టొడాన్ ప్రధానంగా రాతకి పుట్టింది, కాబట్టి ఇంటి గ్రూపుకి అది పనికిరాదు.

అసలు ఎందుకు కదలాలి? వాట్సాప్ మెసేజీలోని మాటలు కంపెనీ చదువుతుందని భయపెట్టేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో ఉన్నది సిగ్నల్ వాళ్లు తయారుచేసిన ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షనే, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం. తప్పుడు భయం చూపించి యాప్ మార్పిస్తే, అది తప్పని తెలిసిన రోజున చెప్పినవాళ్ల మాటకి విలువ పోతుంది. కంపెనీకి దక్కేది మాటల చుట్టూ ఉండే సమాచారం. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఏ ఐపీ అడ్రసు నుంచి, ఏ ఫోను మీద. రాత్రి పదకొండింటికి విశాఖలోని క్యాన్సర్ ఆసుపత్రి నంబరుకి ఒక కాల్, ఆ వెంటనే ముగ్గురు అక్కచెల్లెళ్లకి మూడు కాల్స్, మర్నాడు ‘నాన్న ఆపరేషన్’ అని కొత్త గ్రూపు. ఒక్క మెసేజీ తెరవకుండానే కథంతా తెలిసిపోతుంది. గ్రూపు పేరు, గ్రూపు ఫోటో, అందులో ఎవరెవరున్నారన్నది వాట్సాప్ సర్వర్‌కి తెలుస్తాయి. సిగ్నల్‌లో గ్రూపు పేరూ సభ్యుల జాబితా కూడా తాళం వేసే వెళ్తాయి. అమెరికా కోర్టుల నుంచి ఆదేశాలు వచ్చినప్పుడు సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే ముక్కలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వర్‌కి ఎప్పుడు కలిశారు. మూడోది దాని దగ్గర లేదు.

2014లో వాట్సాప్‌ని ఫేస్‌బుక్ కొనేసింది కనుక ఈ చుట్టు సమాచారం ప్రకటనల వ్యాపారానికి దగ్గరి చుట్టం. 2021 పాలసీ మీద విచారించిన కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో చూసే సంస్థ), 2024 నవంబరులో మెటాకి, అంటే ఫేస్‌బుక్ కంపెనీకి, 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ‘ఒప్పుకో, లేకపోతే పో’ అన్న తీరే తప్పని ఆ ఉత్తర్వు సారాంశం. ప్రకటనల కోసం ఐదేళ్లపాటు డేటా పంచుకోకూడదన్న ఆంక్ష 2025 నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్లో నిలవలేదు, జరిమానా నిలిచింది.

బ్యాకప్ దగ్గర ఇంకో చిల్లు ఉంది. గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే వాట్సాప్ బ్యాకప్‌కి ఎండ్-టు-ఎండ్ రక్షణ 2021లో వచ్చింది, కానీ దాన్ని మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఇరవై మంది గ్రూపులో పంతొమ్మిది మంది ఆన్ చేసి ఒక్క బావగారు మర్చిపోయినా, ఆ గ్రూపు మాటలన్నీ ఆయన డ్రైవ్‌లో మామూలు కాపీగా పడి ఉంటాయి. గోప్యత ఒక్కరి చేతిలో లేదు, గ్రూపు మొత్తం చేతిలో ఉంది. కదిలేటప్పుడు గ్రూపుగా కదలాలనడానికి ఇది రెండో కారణం.

ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర చాలామంది పొరపడేది టెలిగ్రామ్ విషయంలో. టెలిగ్రామ్ మామూలు చాట్లకి ఎండ్-టు-ఎండ్ లేదు. ఇద్దరి మధ్య ‘సీక్రెట్ చాట్’ విడిగా తెరిస్తేనే ఉంటుంది, గ్రూపులకైతే అసలు లేదు. అంటే గ్రూపు మాటలు కంపెనీ సర్వర్‌లో కంపెనీ తెరవగలిగే రూపంలోనే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి వెళ్లడం పెనం మీంచి పొయ్యిలో పడటమే. స్వదేశీ అన్న ముద్ర కూడా గోప్యతకి పూచీ కాదు. 2025 సెప్టెంబరులో జనం అరట్టై అనే స్వదేశీ మెసేజింగ్ యాప్ మీద పడినప్పుడు అందులో కాల్స్‌కి ఎండ్-టు-ఎండ్ ఉంది, మెసేజీలకి లేదు. ట్విట్టర్‌కి పోటీ అన్న కూ 2024 జులైలో మూతపడింది. ఆర్కుట్ 2014లోనే పోయింది. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ఇల్లు ఎవరిదైనా అద్దె ఇల్లే.

సిగ్నల్ లాభాల కోసం పెట్టిన కంపెనీ కాదు, ఫౌండేషన్, విరాళాల మీద నడుస్తుంది. ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. ఖాతా తెరిచేటప్పుడు వచ్చే ఓటీపీ ఎస్సెమ్మెస్‌లకే ఏటా 60 లక్షల డాలర్ల దాకా అవుతోందని 2023లో ఆ సంస్థే లెక్క చెప్పింది.

ఇక కదిలించే పని. పెద్ద గ్రూపుతో మొదలుపెడితే పని చెడుతుంది. ఎనభై మంది ఉన్న వంశం గ్రూపులో సగం మంది గుడ్ మార్నింగ్ బొమ్మలకే ఉంటారు, వాళ్లకి కదలాల్సిన అవసరం కనపడదు. రోజూ మాట్లాడుకునే నలుగురైదుగురి గ్రూపు పట్టుకోవాలి. అమ్మ, ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక మేనమామ చాలు. ముహూర్తం కూడా ముఖ్యమే. సంక్రాంతికో బారసాలకో అందరి ఫోన్లూ ఒకే ఇంట్లో ఉన్న రోజు పెట్టుకుంటే ఒక్కో ఫోనుకి పావుగంట పడుతుంది. అదే ఫోన్లో చెప్పి పెట్టించాలంటే “మళ్లీ ఇదేటి కొత్త యాప్పు” అన్న ప్రశ్న దగ్గరే సాయంత్రం గడిచిపోతుంది.

లింకు పంపి ఇన్‌స్టాల్ చేయమనడం మానాలి. ‘శుభలేఖ’ పేరుతో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని ఎక్కించేది) పంపి ఖాతాలు ఊడ్చేసే మోసం వాట్సాప్‌లోనే తిరిగింది. కొత్త యాప్ లింకు నొక్కడం అలవాటు చేస్తే రేపు ఆ మోసానికి దారి మనమే వేసినట్టు. ప్లే స్టోర్ తెరిచి, సిగ్నల్ అని వెతికి, కింద డెవలపర్ పేరు సిగ్నల్ ఫౌండేషన్ అని ఉందో లేదో చూసి దించుకోవాలి. ఓటీపీ రావాలంటే సిమ్‌కి నెట్‌వర్క్ అందాలి. గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్లలో ఎస్సెమ్మెస్ ఒక్కోసారి గంట ఆలస్యమవుతుంది. కాసేపాగితే ‘కాల్ చేసి చెప్పు’ అన్న బటన్ పనిచేయడం మొదలుపెడుతుంది, అది వాడుకోవచ్చు.

పిన్ పెట్టమన్నప్పుడు 1234 కొట్టి దాటేయకూడదు. కనీసం ఆరంకెలు పెట్టి, డైరీలో రాసి, ఖాతా సెట్టింగ్స్‌లో రిజిస్ట్రేషన్ లాక్ (పిన్ లేకుండా ఆ నంబరుతో ఇంకొకరు ఖాతా తెరవకుండా ఆపేది) ఆన్ చేయాలి. తర్వాత ప్రైవసీలో ఫోన్ నంబర్ అన్న చోట ‘నా నంబరు ఎవరికి కనపడాలి’ అన్నది ‘ఎవరికీ వద్దు’ అని ఉందో లేదో చూడాలి. 2024 ఫిబ్రవరి నుంచి సిగ్నల్‌లో నంబరు చూపించకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడుకోవచ్చు. దీన్ని చిన్న సౌకర్యంగా కొట్టిపారేస్తారు గానీ ఆడవాళ్లకి ఇదే పెద్ద లాభం. ఠాకురాణి జాతర కమిటీ గ్రూపులోనో అపార్ట్‌మెంట్ గ్రూపులోనో చేరిన మరుక్షణం వాట్సాప్‌లో ఆ అమ్మాయి నంబరు రెండొందల మంది చేతికి పోతుంది. ఆ తర్వాత వచ్చే ‘హాయ్’లకి గ్రూపు అడ్మిన్ ఏమీ చేయలేడు. సిగ్నల్ గ్రూపులో పేరొక్కటే కనపడుతుంది. గ్రూపులో వెయ్యి మంది దాకా పడతారు, చేరే లింకుకి అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేయవచ్చు.

గ్రూపు తెరిచాక రెండు చోట్లా ఒకే ఫోటో పెట్టడం మొదలైతే కొత్త గ్రూపు బతకదు. ఏదో ఒక సరుకు కొత్త చోట మాత్రమే దొరకాలి. చంటిబిడ్డ ఫోటోలైతే మేలు, మనవడి బోసినవ్వు కోసం అమ్మమ్మ ఎక్కడికైనా వస్తుంది. రెండు మూడు వారాల తర్వాత పాత వాట్సాప్ గ్రూపులో అడ్మిన్‌లు మాత్రమే మెసేజీ పెట్టేలా మార్చి, కొత్త చోటు ఎక్కడో గ్రూపు వివరణలో రాసి ఉంచాలి. వెంటనే రద్దు చేస్తే సూరత్‌లో ఫోన్ చెడిపోయి నెల తర్వాత ఆన్‌లైన్‌కి వచ్చిన తమ్ముడికి జనమంతా ఎక్కడికి పోయారో అర్థం కాదు. పాత గ్రూపులోని వాయిస్ మెసేజీలు దాచుకోవాలంటే ముందే ఎక్స్‌పోర్ట్ చేయాలి. మీడియాతో కలిపితే చివరి 10,000 మెసేజీల వరకే వస్తాయి. గ్రూపులో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్టే జరగదు, కాసేపు ఆఫ్ చేయాలి.

మారాక మొదటి నెలలో వచ్చే ఫిర్యాదు దాదాపు ఒక్కటే: “మెసేజ్ వచ్చినట్టు తెలీలేదు.” నెపం యాప్ మీద పడుతుంది, తప్పు ఎక్కువగా ఫోనుది. చవక ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లని చంపేస్తాయి. వాట్సాప్‌కి కొన్ని ఫోన్లలో ముందే మినహాయింపు ఉంటుంది, సిగ్నల్‌కి మనం ఇవ్వాలి. యాప్ గుర్తుని నొక్కి పట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టాలి. ఆటోస్టార్ట్ అన్న మీట ఉంటే అదీ ఆన్ చేయాలి. ఈ రెండూ చేయకుండా ఫోన్ తిరిగి ఇస్తే వారంలో ఆ మనిషి వాట్సాప్‌కి వెళ్లిపోవడం ఖాయం. కాల్స్ తెగుతుంటే డేటా సెట్టింగ్స్‌లో ‘కాల్స్‌కి తక్కువ డేటా’ అన్నది ఆన్ చేసి చూడాలి.

రెండో ఇబ్బంది నంబరు. వలస వెళ్లినవాళ్లు అక్కడ కొత్త సిమ్ తీసుకుని ఊరి సిమ్‌కి రీచార్జి మానేస్తారు. 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరుని టెలికాం కంపెనీ వెనక్కి తీసుకుని కొన్నాళ్లకి ఇంకొకరికి అమ్మేయవచ్చు. ఆ కొత్త మనిషి సిగ్నల్ తెరిస్తే పాత మాటలు కనపడవు గానీ, ఖాతా మాత్రం అతని చేతికి వెళ్తుంది. రిజిస్ట్రేషన్ లాక్ ఉన్నా ఖాతా ఏడు రోజులు వాడకంలో లేకపోతే ఆ తాళం ఊడిపోతుంది. సిమ్ మార్చేరోజునే, పాతది చేతిలో ఉండగానే, ఖాతా సెట్టింగ్స్‌లో ‘నంబరు మార్చు’ కొట్టేస్తే గ్రూపులూ చాట్లూ అలాగే ఉంటాయి. ఎవరిదో ‘సేఫ్టీ నంబర్ (అవతలిది పాత మనిషేనా అని సరిచూసుకునే కోడ్) మారింది’ అని చాట్‌లో కనపడితే మామూలు ఫోన్ చేసి గొంతు విని అడగాలి. ఎక్కువసార్లు కొత్త ఫోనే కొని ఉంటారు. 2025 నవంబరులో టెలికాం శాఖ, సిమ్ ఫోనులో ఉంటేనే మెసేజింగ్ యాప్‌లు పనిచేయాలని ఆదేశించింది. సిమ్ లేని పాత ఫోనులో మనవడి నంబరుతో నడిపే అలవాటు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

మూడోది ఫోన్ పోవడం. సిగ్నల్‌లో పాత మాటలన్నీ ఫోనులోనే ఉంటాయి. బ్యాకప్ ఆన్ చేయకుండా ఫోన్ బావిలో పడితే మాటలూ బావిలోనే. బ్యాకప్ పెడితే 64 అక్షరాల రికవరీ కీ ఇస్తుంది. దాని స్క్రీన్‌షాట్ అదే ఫోనులో దాచడం అంటే బీరువా తాళం బీరువాలో పెట్టడం. కాగితం మీద రాసి రేషన్ కార్డు పక్కన పెట్టుకోవాలి. కీ పోతే సిగ్నల్ వాళ్లు కూడా తెరవలేరు.

సొంత నంబరు లేని మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చదువుకి పాత ఫోన్ ఇచ్చిన పిల్ల, వైఫై మీదే టాబ్ వాడే తాతయ్య. వాళ్లకి డెల్టా చాట్ సరిపోతుంది. ఫోన్ నంబరు అడగదు, పేరు రాస్తే ఖాతా తయారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకుంటే కలుస్తారు. ఒకే ఫోనులో రెండు మూడు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు కనుక ఇల్లంతటికీ ఒకే ఫోన్ ఉన్నచోట మేలు. దీనికీ ఒక లోపం ఉంది. మధ్యలో మెసేజీలు చేరవేసే సర్వర్లు చాలావాటిలో సుమారు 20 రోజులకి అవి చెరిగిపోతాయి. నెల్లాళ్లు ఫోన్ మూసి ఉంచితే ఆ మధ్యలోవి రావు. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకి సిగ్నల్, డెల్టా చాట్ రెండూ లేవు, ఫోన్ చేసి మాట్లాడటమే. ఇక ఎలిమెంట్, బ్రయర్ లాంటివి సాంకేతికంగా మంచివే అయినా, 2023 మేలో కేంద్రం నిషేధించిన 14 యాప్‌ల జాబితాలో ఆ రెండూ ఉన్నాయి. ఇంటి గ్రూపుని వాటి మీద కట్టడం తెలివి కాదు.

ఫేస్‌బుక్ సంగతి వేరు. అక్కడ గ్రూపు కన్నా పదేళ్ల ఫోటోలే బరువు. అకౌంట్స్ సెంటర్‌లో మన సమాచారం దించుకునే ఏర్పాటు ఉంది, కానీ దాని ముందస్తు ఎంపికలు మనకి సరిపోవు. కాలం ‘గత ఏడాది’ అని ఉంటుంది, ‘మొత్తం’ అని మార్చాలి. ఫోటోల నాణ్యత ‘హై’ పెట్టాలి. ఫార్మాట్ మాత్రం తప్పకుండా బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ తీసుకోవాలి. ప్రోగ్రాములకి పనికొచ్చే జేసన్ తీసుకుంటే ఫేస్‌బుక్ ఎన్‌కోడింగ్‌లో ఉన్న పాత లోపం వల్ల తెలుగు, ఒడియా అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా వస్తాయి. ప్రతి తెలుగు అక్షరాన్నీ మూడు లాటిన్ అక్షరాలుగా విడగొట్టి రాసేస్తుంది. దాన్ని చిన్న ప్రోగ్రాం రాసి బాగుచేయవచ్చు గానీ ఆ శ్రమ ఎందుకు? ఫైలు సిద్ధమయ్యాక దించుకోవడానికి నాలుగు రోజులే గడువు. జీబీల లెక్కన ఉంటుంది కనుక వైఫై దొరికేచోట ఉన్నప్పుడే అడగాలి.

తీసేసేముందు ఇంకో రెండు చూసుకోవాలి. గుడి కమిటీ పేజీకో యువజన సంఘం పేజీకో అడ్మిన్ మీరొక్కరే అయితే మీతోపాటు ఆ పేజీ కూడా పోతుంది. ఇంకొకరికి పూర్తి అధికారం ఇచ్చాకే బయటికి రావాలి. ఫేస్‌బుక్ లాగిన్‌తో తెరిచిన ఆటలు, షాపింగ్ యాప్‌లు ఉంటే వాటికి ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. డిలీట్ కొట్టాక 30 రోజులు గడువు ఉంటుంది. ఆ లోపు మళ్లీ లాగిన్ అయి డిలీట్‌ని రద్దు చేస్తే ఖాతా మళ్లీ లేచి కూర్చుంటుంది. 

నలుగురిలో రాయాలనుకునేవాళ్లకి మాస్టొడాన్ ఉంది. ఒక కంపెనీది కాదు, వేల సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇక్కడ ఆశ పెద్దగా పెట్టుకోకూడదు. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ నిలిపేసినప్పుడు, 2019 నవంబరులో, మనవాళ్లు గుంపులుగా అక్కడికి వెళ్లారు, అంతే తొందరగా వెనక్కి వచ్చారు. తెలుగులో రాసేవాళ్లు ఇప్పటికీ తక్కువే. అయినా వెళ్లేవాళ్లు సర్వర్ ‘అబౌట్’ పేజీ చదివి ఎన్నేళ్లుగా నడుస్తోందో, ఖర్చు ఎవరు పెడుతున్నారో చూడాలి. మాస్టొడాన్ అధికారిక జాబితాలో చేరే సర్వర్లు మూసేయాల్సివస్తే మూడు నెలల ముందు చెబుతామని ఒప్పుకుని చేరతాయి. ఇంకో సర్వర్‌కి మారితే ఫాలోయర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. అన్నిటికన్నా ముఖ్యం, అందులో ఒకరికే పంపే మెసేజీకి ఎండ్-టు-ఎండ్ లేదు, సర్వర్ నడిపేవాళ్లు చదవగలరు. ఆధార్ ఫోటో అక్కడ పంపకూడదు.

అందరూ అన్నీ వదలాలనడం ఇక్కడ కుదరదు. బరంపురం పట్టుచీరలు అమ్మే దుకాణానికి వాట్సాప్ తీసేస్తే బేరం పోతుంది. బడి గ్రూపు, అంగన్‌వాడీ గ్రూపు, గ్యాస్ ఏజెన్సీ, అన్నీ అక్కడే. ఉంచుకునేచోట కొంత బిగించుకోవాలి. దుకాణానికి వేరే సిమ్ పెట్టి, ఇంటి నంబరు వేరుగా ఉంచాలి. గ్రూపుల్లో చేర్చే హక్కు ‘నా కాంటాక్ట్స్’కి మాత్రమే ఇవ్వాలి. రెండంచెల వెరిఫికేషన్ పెట్టి, కాల్స్‌లో ఐపీ అడ్రసు దాచే ఎంపిక ఆన్ చేసి, ఎండ్-టు-ఎండ్ బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టాలి. నెట్ సెంటర్‌కి కాగితాలు పంపాల్సివస్తే మొదటి ఎనిమిది అంకెలు కప్పేసిన మాస్క్‌డ్ ఆధార్ దించుకుని పంపి, పని అయ్యాక అక్కడి కంప్యూటర్‌లోంచి చెరిపించి మరీ లేవాలి.